ఇంటి ఇన్సూరెన్స్ క్లెయిమ్ రిజెక్ట్ చేశారా? ఆ లెటర్ పారేయొద్దు.. డబ్బులు రాబట్టుకునే దారులు ఇంకా ఉన్నాయ్!

ఇంట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచాలు, పిల్లల పుస్తకాలు అన్నీ పోయాయి. నీళ్లు దిగాక బురద ఎత్తిపోసుకుని, ఉన్న కాగితాలన్నీ పోగేసి ఇన్సూరెన్స్ కంపెనీకి క్లెయిమ్ పెట్టారు. సర్వేయర్ వచ్చాడు, ఫొటోలు తీసుకున్నాడు, వెళ్లిపోయాడు. కొన్ని వారాల తర్వాత మెయిల్‌కి ఓ లెటర్ వచ్చింది. "పాలసీ నిబంధనల ప్రకారం మీ క్లెయిమ్‌ను ఆమోదించలేకపోతున్నాం".. ఇదీ సారాంశం.

చాలామంది అక్కడితో ఆగిపోతారు. "కంపెనీ కాదన్నాక ఇంకేం చేస్తాం" అని వదిలేస్తారు. కానీ నిజానికి ఆ లెటర్ వచ్చిన రోజు నుంచే అసలు గడువులు మొదలవుతాయి. ఎక్కడికి వెళ్లాలి, ఎంత టైమ్ ఉంది, పైసా ఖర్చు లేకుండా ఎక్కడ పని అవుతుంది? చూద్దాం.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట లాంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అదే సమయంలో ఖమ్మంలో మున్నేరు ఇళ్లను ముంచేసింది. ఏపీ ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు రూ.25 వేలు, పై అంతస్తుల్లో ఉన్నవాళ్లకు రూ.10 వేలు సాయం ప్రకటించింది. ఫ్రిజ్, టీవీ, మంచాలు, వైరింగ్, తలుపులు కలిపి చూస్తే ఆ డబ్బు ఏ మూలకు వస్తుంది? అందుకే ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు ఆ క్లెయిమే పెద్ద ఆధారం. అది కూడా చేజారితే మిగిలేది అప్పే.

అసలు మీది ఇంటి ఇన్సూరెన్సేనా?

ముందు ఇది చెక్ చేసుకోవాలి. హోమ్ లోన్ తీసుకున్నప్పుడు బ్యాంకులో ఏదో ఇన్సూరెన్స్ కట్టించారని చాలామంది ధీమాగా ఉంటారు. తీరా చూస్తే అది లోన్ తీసుకున్న వ్యక్తి చనిపోతే అప్పు తీర్చే లైఫ్ పాలసీ. ఇంటి గోడలకూ, లోపలి సామాన్లకూ దాంతో సంబంధం లేదు. లోన్ స్టేట్‌మెంట్‌లో "ఇన్సూరెన్స్ ప్రీమియం" అని కనిపిస్తే సరిపోదు. పాలసీ కాగితం తెప్పించుకుని "ప్రాపర్టీ" అని ఉందో, "లైఫ్" అని ఉందో చూడాలి.

ఇంటి పాలసీయే అయితే, అది ఎక్కువగా "భారత్ గృహ రక్ష" పేరుతో ఉంటుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలు అమ్ముతున్న స్టాండర్డ్ పాలసీ ఇది. నిబంధనలు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్డీఏఐ రూపొందించినవే కాబట్టి కంపెనీ మారినా ప్రాథమిక కవర్ మారదు. అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుఫాను, వరద, నీట మునగడం, కొండచరియలు విరిగిపడటం, అల్లర్లు, వాటర్ ట్యాంకులు, పైపులు పగలడం.. ఇవన్నీ అందులో ఉంటాయి.

ఇందులో చాలామందికి తెలియని విషయాలు రెండున్నాయి. ఒకటి.. బిల్డింగ్‌కు పాలసీ తీసుకుంటే ఇంట్లో సామాన్లకూ దానంతట అదే కవర్ వస్తుంది. బిల్డింగ్ బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షలు. "మీరు సామాన్లకు విడిగా తీసుకోలేదు కదా" అని ఎవరైనా అంటే పాలసీ బుక్‌లెట్ తీసి చూపించాల్సింది ఇక్కడే. వద్దని మీరే రాసివ్వకపోతే ఆ కవర్ ఉన్నట్టే.

రెండోది దొంగతనం. మామూలుగా తాళం పగలగొట్టి జరిగిన దొంగతనం ఈ పాలసీలోకి రాదు. కానీ వరద లాంటి ప్రమాదం జరిగి, దాని కారణంగా 7 రోజుల్లోపు జరిగిన దొంగతనానికి కవర్ ఉంది. వరదకు ఇల్లు వదిలి బంధువుల ఇంటికో, పునరావాస కేంద్రానికో వెళ్లి, తిరిగొచ్చేసరికి గ్యాస్ సిలిండర్, మోటార్ మాయమైతే అది ఈ లెక్కలోకే వస్తుంది. పోలీస్ కంప్లైంట్ మాత్రం ఉండాలి.

రిజెక్ట్ చేయడానికి చెప్పే కారణాలేంటి?

లెటర్‌ను కోపంతో కాకుండా పెన్ను పట్టుకుని చదవాలి. అందులో ఏ క్లాజ్ నంబర్ రాశారో చూసి, అదే క్లాజ్ పాలసీలో ఏముందో పక్కన పెట్టుకోవాలి. క్లాజ్ నంబరే లేకుండా "నిబంధనల ప్రకారం" అని గాల్లో రాస్తే, ఏ నిబంధనో చెప్పమని అడగడమే మీ మొదటి మెయిల్.

ఎక్కువగా వినిపించే కారణం "ఇది వరద కాదు, పాత లీకేజీ". గోడలో ఏళ్ల తరబడి చెమ్మ దిగి పెచ్చులూడితే పాలసీ ఇవ్వదు. అది నిజమే. అరుగుదల, మెయింటెనెన్స్ లోపం కవర్ కావు. కానీ వీధి మొత్తం మునిగిన రోజున మీ ఇల్లు ఒక్కటే లీకేజీతో పాడైందంటే ఎలా? ఇక్కడ ప్రూఫ్ మీ చేతుల్లోనే ఉంటుంది. వార్డు సచివాలయం సిబ్బంది రాసుకెళ్లిన నష్టం వివరాలు, బ్యాంక్ అకౌంట్‌లో పడిన వరద సాయం ఎంట్రీ, గోడ మీద నీటి మరక ఎత్తు కనిపించే ఫొటో, పక్కింటివాళ్ల వాంగ్మూలం, ఆ రోజు వర్షపాతం లెక్క. ప్రభుత్వమే మీ ఇల్లు మునిగిందని డబ్బు వేసినప్పుడు, మునగలేదని వాదించడం కంపెనీకి అంత తేలిక కాదు.

షార్ట్ సర్క్యూట్ కేసుల్లోనూ ఇలాంటి గొడవే. షార్ట్ సర్క్యూట్‌తో ఏసీ కాలిపోతే ఆ ఏసీకి డబ్బు రాదు, పాలసీలో అది మినహాయింపు. అయితే ఆ మంట కర్టెన్‌కు, అక్కడి నుంచి గది మొత్తానికి అంటుకుంటే మిగతా నష్టమంతా అగ్నిప్రమాదమే. మినహాయింపు ఆ ఒక్క వస్తువుకే. మొత్తం క్లెయిమ్ కొట్టేస్తే అది తప్పు. అగ్నిమాపక శాఖ ఇచ్చే సర్టిఫికెట్‌లో మంట ఎంతవరకు వ్యాపించిందో రాయించుకోవడం ఇక్కడ కీలకం.

ఇక "ఆలస్యంగా చెప్పారు" అనే కారణం. ఫోన్ పనిచేయదు, కరెంట్ లేదు, మనిషి పడవలో బయటపడ్డాడు. అలాంటివాళ్లు నాలుగు రోజులు లేటుగా చెప్పారని క్లెయిమ్ కొట్టేయొచ్చా? ఆలస్యానికి సరైన కారణం ఉంటే, యాంత్రికంగా తిరస్కరించొద్దని ఐఆర్డీఏఐ 2011లోనే కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది. 2017లో ఓం ప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అది వాహనం చోరీ కేసే అయినా, నిజమైన క్లెయిమ్‌ను ఆలస్యం అనే ఒక్క సాకుతో కొట్టేయకూడదన్న ఆ మాటను ఇతర క్లెయిముల్లోనూ వాదనగా వాడుకోవచ్చు.

"డాక్యుమెంట్లు ఇవ్వలేదు" అనేది మరో క్లాసిక్. వరదలో కొట్టుకుపోయిన ఫ్రిజ్ బిల్లు వరదలోనే పోతుంది కదా! 2024 జూన్‌లో వచ్చిన ఐఆర్డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం డాక్యుమెంట్లు లేవన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదు. క్లెయిమ్‌కు నేరుగా అవసరమైనవే అడగాలి. బిల్లు లేకపోతే కార్డ్ స్టేట్‌మెంట్, ఈఎంఐ వివరాలు, ఆన్‌లైన్ ఆర్డర్ హిస్టరీ, పండగ రోజు హాల్లో తీసుకున్న ఫ్యామిలీ ఫొటోలో వెనక కనిపిస్తున్న టీవీ.. ఏదైనా పనికొస్తుంది.

నిజంగానే కవర్ లేని సందర్భాలూ ఉంటాయి. ప్రీమియం కట్టక పాలసీ ముగిసిపోవడం, ఇల్లు అని చెప్పి కింద గోడౌన్ నడపడం, బీరువాలో క్యాష్ పోవడం.. ఇలాంటి వాటికి ఎంత తిరిగినా లాభం లేదు. బంగారం, వెండికి విడిగా కవర్ తీసుకోకపోతే అదీ రాదు.

రిజెక్ట్ కాలేదు కానీ.. సగమే ఇచ్చారు!

ఇది కూడా తిరస్కరణే, కాకపోతే సగం. ఒక ఉదాహరణ చూద్దాం. ఇల్లు తిరిగి కట్టాలంటే రూ.40 లక్షలు అవుతుంది. పాలసీ రూ.20 లక్షలకే ఉంది. నష్టం రూ.4 లక్షలు. పాత తరహా ఫైర్ పాలసీల్లో అయితే "సగానికే బీమా చేశారు కాబట్టి సగమే ఇస్తాం" అని రూ.2 లక్షలు ఇచ్చేవాళ్లు. భారత్ గృహ రక్షలో ఈ కోత లేదు. బీమా మొత్తం దాటనంత వరకు రూ.4 లక్షల నష్టానికి రూ.4 లక్షలూ రావాలి. సర్వేయర్ లెక్కలో "అండర్ ఇన్సూరెన్స్" అనే లైన్ కింద ఏదైనా తీసేశారేమో చూసుకోవాలి.

అలాగని ఫ్లాట్ కొన్న ధర మొత్తం వస్తుందనీ అనుకోవద్దు. రూ.60 లక్షలకు కొన్న ఫ్లాట్‌లో భూమి విలువ కూడా ఉంటుంది. భూమికి బీమా ఉండదు. 1,200 చదరపు అడుగులు, అడుగుకు రూ.2,000 నిర్మాణ ఖర్చు అనుకుంటే బీమా రూ.24 లక్షలకే. ఇక్కడ కంపెనీ చేసే లెక్క సరైనదే.

తక్కువ డబ్బు ఇస్తూ "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్" అని ఓ వోచర్ పంపిస్తారు. సంతకం పెడితే ఇక అడగడానికి లేదని భయపెడతారు కూడా. డిశ్చార్జ్ వోచర్ మీద సంతకం చేసినంత మాత్రాన ఎక్కువ పరిహారం అడిగే హక్కు పోదని ఐఆర్డీఏఐ 2015లో స్పష్టం చేసింది. అయినా జాగ్రత్త మంచిది. సంతకం పక్కన "మిగతా మొత్తంపై నా అభ్యంతరాలు అలాగే ఉంచుకుంటూ తీసుకుంటున్నాను" అని ఓ లైన్ రాసి, ఫొటో తీసుకోవాలి. అదే మాట మెయిల్‌లోనూ పంపాలి.

సర్వేయర్ రిపోర్ట్.. మొత్తం గుట్టు అక్కడే

కంపెనీ నిర్ణయం వెనక దాదాపు ఎప్పుడూ సర్వేయర్ రిపోర్టే ఉంటుంది. దాని కాపీ అడిగే హక్కు పాలసీదారుడికి ఉంది. ఫోన్‌లో అడిగితే "అది ఇంటర్నల్ సార్" అనే సమాధానం వస్తే, మెయిల్‌లో అడగాలి. ప్రభుత్వ రంగ కంపెనీ అయితే ఇంకో మార్గం ఉంది. నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా.. ఈ నాలుగూ సమాచార హక్కు చట్టం కిందకు వస్తాయి. పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

రిపోర్ట్ చేతికొచ్చాక ఏం చూడాలి? తేదీ, ఎన్ని గంటలకు వచ్చాడు, ఏ గదులు చూశాడు, ఏ వస్తువులు రాసుకున్నాడు, ఏవి వదిలేశాడు. పై అంతస్తు ఎక్కకుండానే "పైన నష్టం లేదు" అని రాసి ఉంటే అది మీకు దొరికిన పాయింట్. సర్వేయర్ మాటే ఆఖరి మాట కాదని, అది కంపెనీని కానీ పాలసీదారుడిని కానీ కట్టిపడేయదని సుప్రీంకోర్టు 2009లో ప్రదీప్ కుమార్ కేసులో చెప్పింది. ఒక సివిల్ ఇంజినీర్‌తో మీరే ఎస్టిమేట్ వేయించి పక్కన పెట్టొచ్చు.

టైమ్ కూడా లెక్కపెట్టాలి. ప్రస్తుత నిబంధనల ప్రకారం క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలి. 15 రోజుల్లో అతను రిపోర్ట్ ఇవ్వాలి. రిపోర్ట్ అందిన 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. ఆలస్యమైతే బ్యాంక్ రేటుకు 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి. ఈ వడ్డీని మీరు అడగకపోతే ఎవరూ గుర్తు చేయరు.

మొదటి మెట్టు: కంపెనీలోనే

ప్రతి కంపెనీలో గ్రీవెన్స్ ఆఫీసర్ ఉంటారు. వివరాలు పాలసీ కాగితాల చివర్లోనో, వెబ్‌సైట్‌లోనో ఉంటాయి. కాల్ సెంటర్‌కు వంద ఫోన్లు చేసినా అవి రికార్డుగా మీ చేతికి రావు. ఒక్క మెయిల్ వస్తుంది. అది పెద్దగా ఉండక్కర్లేదు. ఇలా ఉంటే చాలు..

"నా పాలసీ నంబర్ ఇది, క్లెయిమ్ నంబర్ ఇది. ఫలానా తేదీ లెటర్‌తో ఫలానా క్లాజ్ కింద నా క్లెయిమ్ తిరస్కరించారు. ఆ క్లాజ్ నాకు వర్తించదు, ఎందుకంటే.. (రెండు మూడు లైన్లు). ఆధారాలు జతచేస్తున్నాను. సర్వేయర్ రిపోర్ట్ కాపీ పంపగలరు. క్లెయిమ్‌ను మళ్లీ పరిశీలించి ఆలస్యానికి వడ్డీతో సహా చెల్లించాలని కోరుతున్నాను."

తిట్లు, బెదిరింపులు, ఏజెంట్ మీద ఫిర్యాదులు ఇందులో వద్దు. ఈ మెయిల్‌నే రేపు అంబుడ్స్‌మన్ చదువుతారు. కంపెనీ 14 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

ఇంకో మాట. కంపెనీ మొదటి లెటర్‌లో చెప్పిన కారణానికే కట్టుబడాలి. తర్వాత కేసు నడుస్తుండగా కొత్త సాకు తెచ్చి పెట్టడం కుదరదని సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే మొదటి లెటర్ పారేయొద్దు అనేది!

ఐఆర్డీఏఐకి ఫిర్యాదు చేస్తే?

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోనే దాని హెడ్ ఆఫీస్ ఉంది. అక్కడిదాకా వెళ్లక్కర్లేదు. "బీమా భరోసా" పోర్టల్‌లో కానీ, 155255 నంబర్‌కు కానీ, 1800 4254 732 టోల్‌ఫ్రీకి కానీ ఫిర్యాదు చేస్తే టోకెన్ నంబర్ ఇస్తారు. అయితే ఐఆర్డీఏఐ జడ్జిలా తీర్పు ఇవ్వదు. ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు చెప్పిస్తుంది. దీంతోనే పని అయిపోతుందని కూర్చుంటే టైమ్ వేస్ట్. కాకపోతే రెగ్యులేటర్ రికార్డులో ఫిర్యాదు పడిందంటే కంపెనీలో ఫైల్ కాస్త పై టేబుల్‌కు వెళ్తుంది.

ఖర్చు లేని కోర్టు లాంటిది.. అంబుడ్స్‌మన్

సామాన్యుడికి ఎక్కువగా ఉపయోగపడేది ఇదే. ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గర ఫీజు లేదు. లాయర్ అక్కర్లేదు. అక్కర్లేదు అనడం కూడా కాదు, లాయర్‌ను అనుమతించరు. మీరే మాట్లాడాలి, తెలుగులో చెప్పుకున్నా ఇబ్బంది లేదు. ఏపీ, తెలంగాణ, యానాం వాళ్లకు హైదరాబాద్ లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఆఫీస్ ఉంది. ఆన్‌లైన్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు.

షరతులు కొన్ని ఉన్నాయి. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి. వాళ్లు కాదనాలి, లేదా నెల రోజులైనా జవాబు ఇవ్వకపోవాలి. అప్పటి నుంచి ఏడాదిలోపు రావాలి. అడిగే మొత్తం రూ.50 లక్షలు దాటకూడదు. 2023 నవంబర్‌కు ముందు ఇది రూ.30 లక్షలే ఉండేది. అదే విషయం మీద కోర్టులో కానీ, వినియోగదారుల కమిషన్‌లో కానీ కేసు ఉండకూడదు. అందుకే ఆవేశంలో ముందే కేసు వేస్తే ఈ తలుపు మూసుకుపోతుంది.

ఇద్దరూ ఒప్పుకుంటే రాజీ కుదురుస్తారు. లేకపోతే కావాల్సిన కాగితాలన్నీ అందిన 3 నెలల్లో అవార్డ్ ఇస్తారు. అది కంపెనీని కట్టిపడేస్తుంది, 30 రోజుల్లో అమలు చేయాలి. పాలసీదారుడికి మాత్రం నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే స్వేచ్ఛ ఉంటుంది. అంటే ఇక్కడ ఓడినా పోయేదేమీ లేదు.

హియరింగ్‌లో ఎక్కువ సమయం ఇవ్వరు. తేదీల వారీగా ఒక పేజీ రాసుకుని, ఫొటోలు ప్రింట్ తీసి వెనక తేదీ రాసి వెళ్తే పని సులువు. ఫోన్‌లో గ్యాలరీ స్క్రోల్ చేస్తూ "ఒక్క నిమిషం సార్" అంటూ కూర్చుంటే ఉన్న టైమ్ అయిపోతుంది.

వినియోగదారుల కమిషన్ ఎప్పుడు?

నష్టం రూ.50 లక్షలు దాటితే, లేదా మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు కూడా కావాలంటే ఇటు రావాలి. 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. కంపెనీ ఆఫీస్ ముంబైలో ఉన్నా సరే. ఏ స్థాయి కమిషన్ అనేది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, కట్టిన డబ్బును బట్టి ఉంటుంది. ఇంటి ఇన్సూరెన్స్‌లో కట్టింది ప్రీమియమే కాబట్టి దాదాపు అందరికీ జిల్లా కమిషనే. కట్టిన మొత్తం రూ.5 లక్షల లోపుంటే ఫీజు సున్నా. లాయర్ తప్పనిసరి కాదు. ముందు సలహా కావాలంటే 1915 హెల్ప్‌లైన్ ఉంది.

గడువు రెండేళ్లు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కంపెనీకి మెయిల్ మీద మెయిల్ పెడుతూ, "పరిశీలిస్తున్నాం" అనే జవాబులు చూసి ఆగుతూ రెండేళ్లు గడిపేస్తారు. మెయిళ్లు రాస్తున్నంత మాత్రాన గడువు ఆగదు. 2024 సెప్టెంబర్ వరద క్లెయిమ్‌లు ఆ ఏడాది చివర్లో తిరస్కరణకు గురైతే, ఆ లెటర్ తేదీ నుంచి కమిషన్‌కు రెండేళ్లు లెక్క వేసుకోవాలి; అంబుడ్స్‌మన్‌కు ఏడాది మాత్రం మీ రాతపూర్వక ఫిర్యాదును కంపెనీ కాదన్నప్పటి నుంచి, లేదా జవాబు లేకుండా నెల గడిచినప్పటి నుంచి. లెటర్ మీద తేదీ, మెయిల్‌కు అది వచ్చిన తేదీ.. రెండూ ఇవాళే రాసి పెట్టుకోవాలి.

లోన్ ఉన్న ఇళ్లకు చివరగా ఒక విషయం. పాలసీలో బ్యాంక్ పేరు కూడా ఉంటే క్లెయిమ్ డబ్బు బ్యాంక్‌కే వెళ్లొచ్చు. గోడలు బాగుచేసుకోవడానికి వచ్చిన డబ్బును లోన్ అకౌంట్‌లో జమ చేసుకుంటే ఇల్లు అలాగే ఉంటుంది. అందుకే క్లెయిమ్ ఆమోదం రాకముందే బ్రాంచ్ మేనేజర్‌కు లెటర్ ఇచ్చి, రిపేర్లకు డబ్బు విడుదల చేసేందుకు అభ్యంతరం లేదని రాసిమ్మని అడగాలి. కంపెనీతో పోరాడి గెలిచాక మళ్లీ బ్యాంక్ చుట్టూ తిరిగే పని తగ్గుతుంది.